పిల్లచిలుక వచ్చేలోపు

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా చూడబోయిన వాళ్ల చెవిన తప్పకుండా పడే కథ ఒకటుంది. ఆ రామదాసు, అంటే కంచర్ల గోపన్న, పూర్వజన్మలో ఒక చిలుకను పట్టి పన్నెండు రోజులు పంజరంలో ఉంచాడట. రోజుకో ఏడాది చొప్పున ఆ పాపం ఈ జన్మలో పన్నెండేళ్ల చెర అయిందట. చరిత్రకారులు ఈ లెక్కను పట్టించుకోరు. జనం మాత్రం తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పుకుంటూనే, చలి తగ్గగానే రామచిలుక పిల్ల ఎక్కడ దొరుకుతుందా అని బజార్ల వెంట ఆరా తీస్తుంటారు. వింతే!

ఉస్మానియా క్యాంపస్‌లో సాయంత్రం నడకకు వెళ్లే తార్నాక, అడిక్‌మెట్ వాళ్లకు తల మీదుగా కీచుమంటూ దూసుకుపోయే పచ్చని గుంపు కొత్త కాదు. రామచిలుకలు గూడు అల్లవు. పాత చెట్ల తొర్రల్లో, గోడల కన్నాల్లో గుడ్లు పెడతాయి. చలి తగ్గి ఎండ ముదిరే నెలల్లో పిల్లలు ఎదుగుతాయి. వేటగాళ్లకూ అదే సీజను. తొర్రలోకి చెయ్యి పెట్టి లాగిన పిల్లలు, ఈకలు కూడా సరిగా రాకముందే, అట్టపెట్టెల్లో ఇరుక్కుని నగరానికి చేరతాయి. బతికి బయటపడిన వాటినే కొనేవాడు చూస్తాడు. దారిలో పోయినవి లెక్కలోకి రావు.

చట్టం విషయంలో నీళ్లు నమలాల్సిన పని లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలుకను కాపాడుతోంది. మన దేశపు అడవి పక్షుల వ్యాపారం 1990ల మొదటి నుంచీ నిషిద్ధం. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టినా, అమ్మినా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. రెక్కల మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుకకూ ఇదే రక్షణ. ‘మా తాతల కాలం నుంచీ పెంచుతున్నాం’ అన్న మాట అటవీశాఖ ముందు చెల్లదు. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టకు మాత్రం ఏం సుఖముంది? దసరా వచ్చిందంటే దాన్నీ పంజరంలో పెట్టి దర్శనానికి డబ్బులు అడిగేవాళ్లు తయారవుతారు.

క్యాంపస్ చెట్ల కింద పిల్లచిలుక దొరికితే ఏం చేయాలని అడిగేవాళ్లుంటారు. ఈకలు వచ్చి, గట్టిగా నిలబడుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి దూరంగా వచ్చేస్తే తల్లి వెతుక్కుంటూ వస్తుంది. గాయపడితే అటవీశాఖకు చెప్పాలి. జాలిపడి ఇంటికి తెచ్చి పెంచుకోవడం మాత్రం కుదరదు.

మరి ఇంట్లో చిలుక కావాలనుకునే కుటుంబానికి దారి ఏది? పంజరాల్లోనే తరాలుగా పుట్టి పెరుగుతున్న విదేశీ జాతులు. వాటిలోనూ కాక్‌టీల్, బడ్జీ, గులాబీ మూతి లవ్‌బర్డ్ అనే మూడూ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం ‘సైటిస్’ జాబితాల్లో లేవు. హైదరాబాద్ బజార్లో బడ్జీలనే ‘లవ్‌బర్డ్స్’ అని అమ్ముతారు, అసలు లవ్‌బర్డ్‌ను ‘ఆఫ్రికన్’ అంటారు. అడిగేటప్పుడు పేరును బట్టి కాకుండా పిట్టను చూసి అడగడం మేలు. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే సైటిస్ జాబితాలో ఉన్నవే. అలాంటి వాటిని పెంచేవాళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, వేరొకరి చేతికి మారినా అక్కడే తెలపాలి. కాగితాల సంగతి ‘తర్వాత చూద్దాం సార్’ అనే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే తెలివి.

కాచిగూడ లాంటి చోట, గోడకు గోడ ఆనుకున్న ఫ్లాట్లలో, కాగితాల కంటే ముందు అడగాల్సింది గొంతు గురించి. సన్ కన్యూర్ అందంగా ఉంటుంది. పొద్దున్నే అది పెట్టే కేకకు పై అంతస్తు వాళ్లు కూడా లేస్తారు. ఓనరు కింద పోర్షన్‌లోనే ఉంటే ఆ స్నేహం నెల తిరగదు. కాక్‌టీల్ ఈలలు వేస్తుంది, అలిగినప్పుడు అరుస్తుంది, భరించొచ్చు. కాకపోతే దాని ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే కొనకముందే కాక్‌టీల్ ఉన్న ఇంటికి వాళ్లను రెండు మూడు సార్లు తీసుకెళ్లి, కాసేపు కూర్చోబెట్టి చూడాలి. ఇంకో సంగతి, కాక్‌టీల్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఐదో తరగతి పిల్లాడి పుట్టినరోజుకు కొన్న పిట్ట వాడు ఉద్యోగంలో చేరాక కూడా ఇంట్లోనే ఉంటుంది. వాడు ఏ బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లిపోతే దాన్ని చూసుకునేది అమ్మానాన్నలే. ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

ఇక వయసు. ‘టేమ్ పిల్ల సార్, ఇప్పట్నుంచే చేత్తో తినిపిస్తే మీకు బాగా అలవాటైతది’ అంటూ కళ్లు తెరిచి పట్టుమని పదిహేను రోజులైనా కాని పిల్లను చేతిలో పెడతారు. ఈ ఒక్క మాటకు పడిపోయి పిల్లను పోగొట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. చేత్తో తినిపించడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేయడానికి మాత్రం నర్సు పని. మేత పొడిని వేడినీళ్లలో కలిపి, 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉందని థర్మామీటరు పెట్టి చూడాలి. చల్లబడితే గొంతు కింది మేతసంచిలో అది అరగకుండా నిలిచి పులుస్తుంది. వేడెక్కితే ఆ సంచి గోడ లోపల్నుంచే కాలిపోతుంది, పైకి కనిపించేసరికి రోజులు గడుస్తాయి. సిరంజి గట్టిగా నొక్కితే మేత ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బిడ్డల కోసం అమ్మే సెరిలాక్ లాంటి పొడి, పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టడం ఇంకో ముచ్చట. చిలుక పాలు తాగే జీవి కాదు కదా! అందుకే పిల్ల తనంతట తాను గింజ ఒలుచుకుని తింటోందని కళ్లారా చూశాకే తెచ్చుకోవాలి. కాక్‌టీల్‌కు ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది, బడ్జీకి ఆరు వారాలు. ఆ వయసులో వచ్చిన పిల్ల మనిషికి అలవాటు కాదన్నది వట్టి అపోహ.

కొనే పిట్ట ఏదో తేలాక ఇల్లు సర్దడానికి ఒక నెల గడువు పెట్టుకుంటే సరిపోతుంది. సున్నం, రంగులు, పురుగుమందు స్ప్రే లాంటివన్నీ ఆ నెల మొదట్లోనే అయిపోవాలి. వాసన పూర్తిగా పోయాకే పిట్ట రావాలి.

మన ఇళ్లలో చిలుకకు పిల్లికన్నా పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఎగరడం అప్పుడే నేర్చిన పిల్లకు తిరిగే రెక్క కనిపించదు. భయపడితే అది పైకే లేస్తుంది, పైన ఉన్నది ఫ్యానే. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో ఫ్యాన్ ఆపి కూర్చోమంటే ఎవరూ వినరు. కాబట్టి పిట్ట తిరిగే గదిని ఒకటి విడిగా పెట్టుకుని, అందులో సీలింగ్ ఫ్యాన్ బదులు జాలీ ఉన్న గోడ ఫ్యాన్ బిగించుకోవడం తేలిక. అది కుదరని ఇంట్లో ఒక్కటే కట్టుబాటు: పంజరం తలుపు తీసేవాళ్లే ముందు స్విచ్ ఆపాలి, రెక్క పూర్తిగా నిలిచేదాకా గడియ మీద చెయ్యి పెట్టకూడదు. స్విచ్ మీద ఎర్ర టేపు ముక్క అంటిస్తే బంధువులొచ్చినప్పుడు కూడా గుర్తుంటుంది.

తర్వాతిది వంటగది. పక్షి ఊపిరి మనిషి ఊపిరిలా లోపలికి వెళ్లి అదే దారిన వెనక్కి రాదు. ఊపిరితిత్తులకు తోడు ఒంటినిండా గాలిసంచులుంటాయి, గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో పోతూ ఉంటుంది. ఎగరడానికి కావలసినంత ప్రాణవాయువు అలా అందుతుంది. విషవాయువు కూడా అంతే చురుగ్గా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గుగనుల్లో 1986 దాకా కేనరీ పిట్టలను వెంట తీసుకెళ్లింది ఇందుకే. మనిషికి తెలియకముందే పిట్ట తూలిపోతుంది. నాన్‌స్టిక్ పాత్రల మీది పూత దాదాపు 260 డిగ్రీలు దాటితే విడిపోవడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని గ్యాస్ మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ మరిచిపోతే చాలు, ఆ వేడి వచ్చేస్తుంది. అప్పుడు వెలువడే వాయువుకు వాసన ఉండదు. పక్క గదిలోని పిట్ట నిమిషాల్లో పోతుంది. దీనికి వైద్యం లేదనే చెప్పాలి. చిలుకను తెచ్చుకునే ఇంట్లో నాన్‌స్టిక్ పెనం, బాండీ అటక ఎక్కాలి. పాత ఇనుప పెనం కిందికి దిగాలి. అట్టు రుచీ పెరుగుతుంది.

పూజగది దగ్గరే తగవు మొదలవుతుంది. ‘పిట్ట కోసం దేవుడికి ధూపం మానుకుంటమా?’ అంటుంది నానమ్మ. మానుకోనక్కర్లేదు. పిట్ట గది పూజగదికి దూరంగా ఉండాలి, తలుపు మూసి ఉండాలి, అగరుబత్తి పొగ పోయేలా అవతలి కిటికీ తెరవాలి. సాంబ్రాణి వేసిన రోజున మరీ జాగ్రత్త. దోమల కాయిల్, ద్రవం పోసి ప్లగ్గులో పెట్టే యంత్రం, బాడీ స్ప్రే, బాత్‌రూమ్‌లో వేసే కలరా ఉండలు మాత్రం ఆ గదిలోకి రానే కూడదు. వానాకాలంలో డెంగీ భయం ఉన్న ఊరు ఇది, దోమలను వదిలేయమని ఎవరూ అనరు. కిటికీలకు మెష్ కొట్టించుకుంటే దోమా రాదు, పిట్టా పోదు. ఒక్క ఖర్చుతో రెండు పనులు.

మిగతావి చిన్నవే, కానీ ప్రాణం తీసేవే. బాత్‌రూమ్‌లో మూత లేని బకెట్, అద్దం, పరదా లేని గాజు కిటికీ, నేలమీది వైరు, బాల్కనీ కుండీల్లో గన్నేరు. పంజరాన్ని బాల్కనీలో వేలాడదీసి ఆఫీసుకు వెళ్లిపోయే వాళ్లు కాకులనూ గద్దలనూ మరిచిపోతున్నారు.

పంజరం విషయంలో కంటికి నచ్చింది కొంటే పొరపాటే. గుండ్రంగా, గోపురంలా ఉన్నవి మనిషి కోసం చేసినవి. పిట్టకు కావలసింది మూలలున్న, వెడల్పైన పెట్టె. ఒక కాక్‌టీల్‌కు కనీసం రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, రెండడుగుల ఎత్తు ఉండాలి. చువ్వల మధ్య అర అంగుళం, లేదా కొంచెం ఎక్కువ. అంతకు మించితే తల దూర్చి ఇరుక్కుంటుంది. చౌకరకం జింకు పూత తీగల జాలీని చిలుక ముక్కుతో గీకి గీకి మింగుతుంది, ఆ జింకు ఒంట్లో చేరి విషమవుతుంది. పౌడర్ కోటింగ్ ఉన్నది గానీ స్టీలుది గానీ తీసుకోవాలి. లోపల కూర్చోవడానికి పంజరంతో పాటు ఇచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసి పారేయాలి. రోజంతా ఒకే మందం కర్రను పట్టుకుంటే పాదం అడుగున ఒకే చోట ఒత్తిడి పడి పుండు అవుతుంది. మందు కొట్టని వేప, జామ కొమ్మలను వేలి మందం నుంచి బొటనవేలి మందం దాకా రకరకాలుగా కోసి, కడిగి, ఎండబెట్టి అడ్డంగా బిగించాలి. బెరడు ఉంచేయాలి, ఒలవడం దానికి ఆట. నీళ్ల గిన్నె మీదుగా మాత్రం కొమ్మ ఉండకూడదు, ఎందుకో ఒక్కరోజులో తెలుస్తుంది.

మేత దగ్గరికి వస్తే తార్నాకను తలచుకోవాలి. జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడికి 1958లో వచ్చింది. అది మొదలైంది 1918లో, కూనూరులో, బెరిబెరి జబ్బు మీద విచారణ విభాగంగా. దాన్ని నడిపిన రాబర్ట్ మెకారిసన్ పోషకలోపాలను పావురాల మీద పరీక్షించాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తినిపించిన పావురాలు నరాల జబ్బుతో మెడలు వెనక్కి విరుచుకుపోయాయి. కడుపు నిండా తిండి ఉంది, తిండిలో సత్తువ లేదు. వందేళ్లు దాటాక కూడా, ఆ సంస్థ ఉన్న నగరంలోనే చిలుకకు గిన్నెడు పొద్దుతిరుగుడు గింజలు పోసి వదిలేస్తున్నారు. ఆ గింజలో కొవ్వు ఎక్కువ, విటమిన్-ఎ దాదాపు లేదు. కాలేయం కొవ్వు పట్టి, ముక్కు, గొంతు ఇన్ఫెక్షన్లతో పిట్ట నీరసిస్తుంది.

కాక్‌టీల్, బడ్జీలకు కొర్రలు, సామలు ప్రాణం. బజార్లో ‘కంగ్ని’ అని అడిగితే ఇచ్చేది కొర్రలే. వాటితో పాటు రోజూ పొద్దున ఆకుకూరలు, కూరగాయలు పెట్టాలి: తోటకూర, మునగాకు, కొత్తిమీర, తరిగిన క్యారెట్, గుమ్మడి, లేత మొక్కజొన్న, మొలకెత్తిన పెసలు. ఆకుకూర మీద కొట్టిన మందు పోయేలా బాగా కడగాలి, మధ్యాహ్నానికి మిగిలింది తీసేయాలి. క్యాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఒకటి చువ్వకు కట్టేస్తే చాలు. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు తగిలిన మురుకులు దగ్గరికి కూడా రాకూడదు.

చిలుకకు పచ్చిమిరపకాయ పెట్టే అలవాటుకు శాస్త్రం అడ్డు చెప్పదు. మిరపలోని క్యాప్సైసిన్ మన నోట్లో మంట పుట్టించేది ఒక గ్రాహకం ద్వారా. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదని ఆయన బృందమే 2002లో తేల్చింది. గింజను నమిలి పాడుచేసే జంతువులను మిరప మొక్క మంటతో తరిమేస్తుంది, గింజను దూరాలకు మోసుకెళ్లే పక్షిని రానిస్తుంది. గుంటూరు కాయైనా చిలుకకు దోసకాయతో సమానం. అలాగని అదే భోజనం కాకూడదు.

కొత్త పిల్ల వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ పంజరం చుట్టూ చేరతారు. ఫోటోలు, వీడియోలు, పక్కింటి పిల్లలు. ఇది వాయిదా వేయాలి. మొదటి రెండు మూడు రోజులు పంజరం ఒక గోడకు ఆనించి, మనిషి కంటి ఎత్తున, నేరుగా ఎండ, కూలర్ గాలి తగలని చోట ఉండాలి. మనుషులు మాట్లాడుకుంటూ తమ పని చేసుకుంటే చాలు. కాక్‌టీల్ తలమీది కుచ్చు నిక్కబొడుచుకుంటే జాగ్రత్తపడిందని, వెనక్కి అణిగి బుస కొడితే భయపడిందని అర్థం. కుచ్చు మామూలుగా వాలి, ఒంటికాలి మీద నిలబడి ముక్కుతో గరగరమని రుబ్బుతుంటే నిద్రకు సిద్ధమైందన్నమాట. రాత్రి పది, పన్నెండు గంటల చీకటి కావాలి. హాల్లో టీవీ అర్ధరాత్రి దాకా నడిచే ఇంట్లో పంజరం హాల్లో ఉండకూడదు.

కాక్‌టీల్‌కు ఇంకో గుణం ఉంది. చీకట్లో అనుకోని చప్పుడైతే బెదిరిపోయి పంజరంలో కొట్టుకుంటుంది, రెక్కల ఈకలు విరిగి నెత్తురు కారుతుంది. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది, రాత్రంతా రైళ్ల కూత ఆగదు. దానికి పిల్ల వారంలో అలవాటు పడుతుంది. అలవాటు కానివి దీపావళి బాంబు, వీధిలో పెళ్లి బ్యాండు. గదిలో చిన్న జీరో బల్బు వెలుగుతుంటే ఎక్కడున్నదీ తెలిసి తొందరగా కుదుటపడుతుంది.

కూరగాయలు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనడం ఆటబొమ్మల కంటే అవసరం. ఎదిగిన కాక్‌టీల్ బరువు 80 నుంచి 100 గ్రాములు. జబ్బు చేసిన పక్షి ఆ సంగతి దాచుకుంటుంది, అడవిలో నీరసం బయటపెడితే గద్దకు ఆహారమే. అది ఈకలు ఉబ్బించుకుని గిన్నె పక్కన కూలబడిందంటే జబ్బు ముదిరినట్టే. త్రాసు మాత్రం ముందే చెప్పేస్తుంది. రోజూ పొద్దున మేతకు ముందు తూచి గోడ క్యాలెండర్‌లో రాయాలి. 90 గ్రాముల పిట్ట 81కి దిగితే, అంటే పదో వంతు తగ్గితే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాచిగూడ వాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల దగ్గర్లోనే ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. పక్షులను చూసే డాక్టరు ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటారో పిట్ట రాకముందే కనుక్కుని రాసిపెట్టుకోవాలి. పాత పిట్టలున్న ఇంట్లో కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. చిలుకల నుంచి మనుషులకు సోకే సిట్టకోసిస్ అనే జ్వరం ఉంది, 1929-30లో అది పలు దేశాలకు పాకింది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు వదలకపోతే పిట్ట ఉన్న సంగతి డాక్టరుకు చెప్పడం మరవకూడదు.

ఎంత జాగ్రత్త పడ్డా ఒకరోజు తలుపు తెరిచే ఉండిపోతుంది. పిట్ట ఎగిరిపోతే వెంట పరుగెత్తి అరవకూడదు, ఇంకా దూరం పోతుంది. ఏ చెట్టు మీద వాలిందో ఒకరు చూస్తుండాలి. ఇంకొకరు పంజరాన్ని తలుపు తీసి, కొర్రల గిన్నెతో సహా డాబా మీద కనిపించేలా పెట్టాలి. రోజూ వేసే ఈలే వేస్తుండాలి. పైనుంచి దిగడం పిల్లకు రాదు, అందుకే ఆకలైనా చాలాసేపు అక్కడే కూర్చుంటుంది. చీకటి పడితే కదలదు. తెల్లవారకముందే మళ్లీ అదే చెట్టు కిందికి వెళ్లాలి. కాకులు లేచేలోపు, ఆకలి మీదున్న ఆ వేళలోనే అది పిలుపుకు దిగివచ్చే అవకాశం ఎక్కువ.